డయాలిసిస్ రోగి చేతి ఫిస్టులా ఎందువలన చెడును?

శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరము వెంబడి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా కనిపించు సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే అట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురము మండలములలోని అనేక గ్రామములను దీర్ఘకాలపు మూత్రపిండ వ్యాధి పీడించుచున్న సంగతి అందరికిని తెలిసినదే. ఆ వ్యాధికి మూలకారణ మిది యని నేటికిని నిర్ధారణగా తేలలేదు. 2023 డిసెంబరు మాసమున పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, దానితోపాటు 200 పడకల ఆసుపత్రియును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకము కూడ అప్పుడే ప్రారంభమైనది.

ఈ గ్రామములలో 'క్రియాటినిన్' అను మాట జీడిపిక్కల ధర వలె నిత్యము వినవచ్చు మాట. ఎవరికి ఎంత యున్నదో ఇరుగుపొరుగు వారికి తెలియును. ఎవరు డయాలిసిస్‌కు వారమునకు ఎన్నిసార్లు పోవుచున్నారో ఆటో నడుపువానికి కూడ తెలియును. కాని ఆ రోగి చేతిలో నున్న ఒక్క రక్తనాళము మీదనే అతని ప్రాణము నిలిచియున్నదన్న సంగతి, ఆ నాళము ఏ యే కారణములచేత చెడిపోవునన్న సంగతి తెలిసినవారు తక్కువ. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వలనను, 2016లో కేంద్రము ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము వలనను ఈ చికిత్స పేద కుటుంబములకు కూడ అందుబాటులోనికి వచ్చినది. యంత్రము, మంచము, మందు, సిబ్బంది అన్నియు సిద్ధముగా నున్నను, చేతిలోని నాళము మూసికొనిపోయినచో ఆనాటి రక్తశుద్ధి జరుగదు. ఉద్దానమునకే కాదు, మధుమేహము, రక్తపు పోటు పెరిగిపోవుచున్న ప్రతి జిల్లాకును ఈ విషయము సంబంధించినదే.

యంత్రమునకు ఎంత రక్తము కావలెను?

మూత్రపిండములు పనిచేయనప్పుడు రక్తములోని మలినములను, అధికమైన నీటిని యంత్రము ద్వారా తొలగించుటయే హీమోడయాలిసిస్. రక్తమును శరీరమునుండి వెలుపలికి తీసి, సన్నని గొట్టములు వేలకొలది ఇమిడియున్న జల్లెడవంటి పరికరము గుండ పోనిచ్చి, శుభ్రపరచి తిరిగి శరీరములోనికి పంపుదురు. ఇట్లు నాలుగు గంటలు జరుగవలెను. యంత్రము నిమిషమునకు 250 మిల్లీలీటర్ల చొప్పున రక్తము లాగుకొన్నదనుకొందము. నాలుగు గంటలలో 60 లీటర్ల రక్తము దాని గుండ పోవును. మనిషి శరీరములో నుండు రక్తము ఇంచుమించు 5 లీటర్లే. అనగా ఉన్న రక్తమే పన్నెండు మార్లు వెలుపలికి పోయి లోనికి రావలెనన్నమాట.

ఇంత ధార ఎక్కడనుండి తీయవలెను? చేతి మీద నీలముగా కనిపించు నాళములను మన పల్లెలలో నరము లందురు. వైద్యశాస్త్రములో వీనికి సిరలని పేరు. రక్తపరీక్షకు సూది గుచ్చునది వీనియందే. ఇవి పైపైననే యుండును గాని, వీనిలో ప్రవాహము మందము. యంత్రము లాగినచో గోడలు అతుకుకొనిపోవును. గుండె నుండి రక్తము తెచ్చు ధమనులలో వేగము కలదు. కాని అవి లోతున నుండును. వానిని మాటిమాటికి పొడిచినచో రక్తస్రావము, ఇతర ప్రమాదములు కలుగును.

ఈ చిక్కు తొలినాటి వైద్యులను చాల బాధించినది. హాలెండు దేశమున కాంపెన్ పట్టణములో, జర్మనుల ఆక్రమణ కాలమున, 1943లో విలెం కోల్ఫ్ అను వైద్యుడు కొయ్య పీపాకు సెల్లోఫేన్ గొట్టమును చుట్టి మనుష్యులకు ఉపయోగపడు మొదటి డయాలిసిస్ యంత్రమును నిర్మించెను. ప్రతి పర్యాయము రక్తనాళమును కోసి గొట్టము పెట్టవలసి వచ్చెడిది. కోసిన చోట మరల కోయుటకు వీలులేదు. కొన్ని పర్యాయములు జరుగుసరికి కోయదగిన చోటు మిగిలెడిది కాదు. అందుచేత కొలది దినములలో కోలుకొను రోగులకు తప్ప, మూత్రపిండములు శాశ్వతముగా చెడిన వారికి యంత్రము ఉపకరింపలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు టెఫ్లాన్ గొట్టముతో ధమనిని, సిరను చేతి వెలుపల కలిపి యుంచు ఉపాయమును కనిపెట్టెను. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరి పదునొకండు సంవత్సరములు జీవించెను. కాని ఆ గొట్టములలో రక్తము గడ్డకట్టుట, చీము పట్టుట మామూలు.

ఆ తరువాత న్యూయార్క్ నగరములోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో జేమ్స్ సిమినో, మైకేల్ బ్రెసియా అను వైద్యులు, కెనెత్ ఆపెల్ అను శస్త్రవైద్యుడు గొట్టముతో పనిలేకుండ ధమనిని సిరకు నేరుగా కుట్టివేసిరి. 1966లో వారు ఈ పద్ధతిని ప్రకటించిరి. సిమినో తాను విద్యార్థిగా నున్నప్పుడు ఒక ఆసుపత్రిలో రోగుల చేతులనుండి రక్తము తీయు పని చేసినవాడు. నరము సంగతి ఆయనకు చేతివ్రేళ్లకు తెలిసిన విద్య. నేడు మన ఆసుపత్రులలో మణికట్టు దగ్గర చేయుచున్న ఫిస్టులా అదియే.

ఫిస్టులా యనగానే మనవారికి ఆసనము వద్ద పుట్టు భగందర వ్యాధి జ్ఞప్తికి వచ్చును. రెంటికిని పేరొక్కటే గాని సంబంధమేమియు లేదు. ఈ పేరు విని సిగ్గుపడి, ఆపరేషను సంగతి ఇంటిలో చెప్పని రోగులు కూడ కలరని ఒక డాక్టరుగారు నాతో ననిరి.

పండని ఫిస్టులా

ధమనిని సిరకు కుట్టిన వెంటనే ఫిస్టులా సిద్ధమైనట్లు కాదు. చిన్న పిల్లకాలువలోనికి పెద్ద కాలువ నీరు మళ్లించినట్లు, అంతవరకు మెల్లగా పారిన సిరలోనికి ధమని రక్తము వేగముగా వచ్చి పడును. ఆ ఒత్తిడికి సిర క్రమముగా వెడల్పగును, గోడ దళసరియగును. దీనినే ఫిస్టులా పండుట యందురు. ఇందుకు సాధారణముగా ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును. కొందరికి మూడు నాలుగు మాసములు కూడ పట్టవచ్చును. వైద్యులు జ్ఞాపకముంచుకొనుటకు ఆరు అంకెతో ఒక లెక్క చెప్పుదురు: ఆరు వారములకు, నిమిషమునకు 600 మిల్లీలీటర్ల ప్రవాహము, 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మమునుండి 6 మిల్లీమీటర్లకు మించని లోతు.

అయితే చేసిన ఫిస్టులాలన్నియు పండవు. ఇది రోగులకు ముందుగా చెప్పవలసిన సత్యము. చెప్పకపోవుట వలననే, మొదటి ఆపరేషను ఫలింపనప్పుడు డాక్టరు పాడుచేసెనని కొందరు, తమ కర్మమని కొందరు తలచి, రెండవసారి చేయించుకొనుటకు వెనుదీయుచున్నారు.

పండకపోవుటకు గల కారణములలో మన చేతిలో లేనివి కొన్ని కలవు. వృద్ధులలోను, మధుమేహము చిరకాలమునుండి యున్నవారిలోను ధమనుల గోడలు గట్టిపడి, సున్నము పట్టి, వెడల్పు కాలేకపోవును. స్త్రీల రక్తనాళములు స్వభావముగనే సన్నము. అందుచేత వారికి విఫలమగుట అధికము. కాళ్లలోని రక్తనాళములు మూసికొనిపోయిన వ్యాధి గలవారికిని, మిక్కిలి స్థూలకాయులకును, ఆహారలోపముచేత శరీరములో మాంసకృత్తులు తగ్గినవారికిని ప్రమాద మెక్కువ. మణికట్టు వద్ద ధమని 2 మిల్లీమీటర్లకును, సిర 2.5 మిల్లీమీటర్లకును తక్కువైనచో ఫలించుట కష్టము. అందుకే ఆపరేషనుకు ముందు డాప్లర్ పరీక్షతో నాళములను కొలుచుట మంచిది. మణికట్టు వద్ద వీలుకానప్పుడు మోచేతి వద్ద చేయుదురు. అక్కడి నాళములు పెద్దవి గనుక త్వరగా పండును. కాని ముందే మోచేతి వద్ద చేసినచో తరువాత ముంజేయి పనికిరాదు. పొలమునకు నీరు పెట్టువాడు చివరి మడినుండి మొదలుపెట్టి పైకి వచ్చినట్లు, క్రిందినుండి పైకి వచ్చుట శస్త్రవైద్యుల సంప్రదాయము. వృద్ధులకు మాత్రము వారి ఆయుర్దాయమును, నాళముల స్థితిని చూచి వైద్యుడు వేరువిధముగా నిర్ణయింపవచ్చును. ఎల్లరకును ఒకే పద్ధతి యనక, ఏ రోగికి తగిన ఏర్పాటు ఆ రోగికి ముందుగనే ఆలోచింపవలెనని ఇటీవలి అమెరికా మార్గదర్శక సూత్రములు కూడ చెప్పుచున్నవి.

రక్తము గడ్డకట్టకుండ మందు ఇచ్చినచో సరిపోదా యని ఎవరికైనను తోచును. అమెరికాలో 877 మంది రోగులపై జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో క్లోపిడోగ్రెల్ అను మాత్రను ఆపరేషను తరువాత ఆరు వారములు ఇచ్చి చూచిరి. మాత్ర వేసికొన్నవారిలో నూటికి 12 మందికి, వేసికొననివారిలో నూటికి 19 మందికి పైగా ఫిస్టులా గడ్డకట్టినది. ఇది మేలే. కాని తుదకు డయాలిసిస్‌కు పనికిరాకపోయినవి రెండు పక్షములలోను నూటికి ఇంచుమించు 60! గడ్డకట్టుట ఒక్కటియే శత్రువు కాదని దీనివలన తెలియుచున్నది. కుట్టిన చోట రక్తము సుడి తిరుగుచు గోడకు కొట్టుకొనును. ఆ తాకిడికి గోడలోని కణములే లోపలివైపునకు పెరిగి దారిని ఇరుకుచేయును. కాలువ మలుపులో పేరుకొను ఒండ్రు వెలుపలినుండి వచ్చునది. ఇది గట్టే లోనికి పెరుగుట వంటిది. ముందు దారి ఇరుకగును, ప్రవాహము మందగించును, ఆ పిమ్మట గడ్డకట్టును. చాలవరకు జరుగు క్రమమిది.

గ్లూకోజు సీసా చేయు కీడు

ఇక మన చేతిలో నున్న కారణములు. వీనిలో నన్నిటికంటె పెద్దది, డయాలిసిస్ అవసరము రాకమునుపే, కొన్నియేండ్ల ముందే జరిగిపోవుచున్నది.

పల్లెలలో జ్వరము వచ్చినను, నీరసము వచ్చినను, కోతల కాలమున ఒళ్లు నొప్పులు వచ్చినను ఒక గ్లూకోజు సీసా ఎక్కించుకొనుట అలవాటైపోయినది. 'సీసా పెట్టించుకొంటిని' అని చెప్పుకొనుట ఒక తృప్తి. సీసాకై సూది పెట్టు చోటు తరచుగా ముంజేతిమీద బొటనవ్రేలి వైపున పైకి పోవు పెద్ద నరము. ఫిస్టులాకు కావలసినది సరిగా ఆ నరమే. సూదులవలనను, ఘాటైన మందులవలనను అది వాచి, గట్టిపడి, త్రాడువలె మారిపోవును. మూత్రపిండ వ్యాధి బయటపడి శస్త్రవైద్యుని వద్దకు వచ్చునప్పటికి కుట్టుటకు నరమే మిగిలియుండదు. అవసరము లేని సీసాలోని నీరు, ఉప్పు చెడిన మూత్రపిండములకు మరియొక భారము.

కావున క్రియాటినిన్ పెరుగుచున్నదని తెలిసిన నాటినుండియే రోగి తన చేతిని దాచుకొనవలెను. కుడిచేతి వాటము గలవారు ఎడమ ముంజేతిని సూదికి ఇయ్యరాదు. రక్తపరీక్ష చేయవలసినను, మందు ఎక్కించవలసినను మణికట్టుకు దిగువన, అరచేతి వెనుకవైపు నరములలో గుచ్చుమని అడుగవలెను. అడుగుటలో మొగమాటము వలదు. గ్రామములోని వైద్యునకును, ఆశా కార్యకర్తకును, ఏ.ఎన్.ఎమ్. గారికిని ఈ సంగతి తెలిసియుండుట ఎంతో అవసరము.

రెండవ కీడు ఆలస్యము. 'ఇంకను మూత్రము వచ్చుచున్నది గదా, చేయి కోయించుకొన్నచో డయాలిసిస్‌ను పిలిచినట్లే' యని అనేకులు వాయిదా వేయుదురు. ఫిస్టులా చేయించుకొన్నంత మాత్రమున డయాలిసిస్ మొదలు కాదు, వ్యాధియు ముదరదు. వ్యాధి ముదురుచున్న తీరును బట్టి డయాలిసిస్ ఇంచుమించు ఆరు మాసములలో అవసరమగునని తోచినప్పుడే ఫిస్టులా చేయించి యుంచుకొన్నచో పండుటకును, ఒకవేళ పండకున్న మరియొకటి చేయించుకొనుటకును వ్యవధి యుండును. వాయిదా వేసినవారు ఒకనాడు ఆయాసముతో, వాంతులతో ఆసుపత్రికి రాగా, ప్రాణము నిలుపుటకు మెడలోని పెద్ద సిరలో క్యాథెటర్ అను గొట్టమును పెట్టి డయాలిసిస్ చేయవలసివచ్చును. మన దేశమున పెక్కుమంది రోగుల డయాలిసిస్ ఇట్లే ఆరంభమగుచున్నది.

ఆ గొట్టము ఆపదలో ఆదుకొనునదే గాని చిరకాలము నమ్ముకొనదగినది కాదు. చర్మముమీది సూక్ష్మజీవులు గొట్టము వెంబడి రక్తములోనికి పోయి చలిజ్వరము తెప్పించును. అది ప్రాణాంతకము కావచ్చును. గొట్టము ఒరసికొన్న పెద్ద సిర లోపల ఇరుకగును. ముఖ్యముగా కంటి ఎముక క్రింది సిరలో పెట్టినప్పుడు ఈ హాని అధికము. కంటి ఎముక యనగా మెడకు దిగువన అడ్డముగా నుండు ఎముక. ఆ వైపు చేతిలో తరువాత ఎంత చక్కని ఫిస్టులా చేసినను, పైన దారి ఇరుకు గనుక చేయి వాచి ఫిస్టులా చెడిపోవును. క్యాథెటర్‌తో డయాలిసిస్ ఆరంభించినవారిలో ఫిస్టులా విఫలమగుట అధికమని అనేక పరిశీలనలలో తేలినది. నరములు బొత్తిగా లేనివారికి గ్రాఫ్టు అను కృత్రిమ నాళమును చర్మము క్రింద అమర్చుదురు. అది రెండు మూడు వారములలోనే పనికివచ్చును గాని, గడ్డకట్టుటయు చీముపట్టుటయు దానికి ఫిస్టులాకంటె ఎక్కువ.

పండిన తరువాత

వారమునకు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకొనువానికి సంవత్సరమునకు 156 పర్యాయములు, పర్యాయమునకు రెండు సూదుల చొప్పున 312 సూదిపోట్లు పడును. మామూలు సూదులు కావు, లావైనవి. ఎప్పుడును ఒకే చోట పొడిచినచో నొప్పి తక్కువగా నుండును గనుక రోగులే 'అక్కడనే వేయుడు' అని బ్రతిమాలుదురు. అది మంచిది కాదు. ఒకే చోట పొడిచి పొడిచి గోడ పలుచబడి బుడిపెవలె ఉబ్బును, దాని ప్రక్కన దారి ఇరుకగును. నిచ్చెన మెట్లు ఎక్కినట్లు ప్రతిసారియు చోటు మార్చుచు పొడువవలెను. పూర్తిగా పండకముందే తొందరపడి పొడిచినచో సూది గోడను చీల్చుకొనిపోయి చేయి నల్లగా కమిలి, ఫిస్టులాయే పోవచ్చును.

రక్తపు పోటు పడిపోవుట మరియొక పెద్ద కారణము. ప్రవాహము నిలుపునది పోటే. అది పడిపోయినచో రక్తము నిలిచి గడ్డకట్టును. డయాలిసిస్ సమయమున పోటు పడిపోవుటకు తరచుగా కారణము, రెండు డయాలిసిస్‌ల నడుమ రోగి నీరు అధికముగా త్రాగియుండుట. మూడు నాలుగు కిలోల నీటిని నాలుగు గంటలలో తీయవలసి వచ్చినప్పుడు శరీరము తట్టుకొనలేదు. నీరనగా బిందెలో నీరొక్కటియే కాదు. మజ్జిగ, చారు, అంబలి, కొబ్బరినీరు అన్నియు లెక్కలోనివే. కొబ్బరినీటిలో పొటాషియము కూడ అధికముగా నుండుటచేత ఈ రోగులకు అది రెండు విధముల ముప్పు. ఎండుచేప, ఆవకాయ, అప్పడము తిన్నవాడు దాహము నాపుకొనజాలడు. కావున నీటిని అదుపులో పెట్టదలచినవాడు ముందు ఉప్పును అదుపులో పెట్టవలెను. దీనికి భిన్నముగా, వాంతులు, విరేచనములు పట్టుకొని శరీరము ఎండిపోయినప్పుడు కూడ పోటు పడి ఫిస్టులా ఆగిపోవును. అట్టి సమయమున పోటు మాత్రలు వేసికొనవచ్చునా యని డాక్టరును అడుగవలెను.

రక్తము పట్టుటకు ఇచ్చు ఎరిత్రోపొయెటిన్ సూదిమందు విషయమున 'ఎంత రక్తము పెరిగిన అంత మంచిది' అని కొందరు ఎక్కువ వేయుమందురు. అమెరికాలో గుండెజబ్బు కూడ గల 1,233 మంది డయాలిసిస్ రోగులపై జరిపి 1998లో ప్రకటించిన పరిశోధనలో, రక్తమును ఆరోగ్యవంతుల స్థాయికి పెంచిన పక్షమున నూటికి 39 మందికి, తక్కువ స్థాయిలో నుంచిన పక్షమున నూటికి 29 మందికి ఫిస్టులా గాని గ్రాఫ్టు గాని గడ్డకట్టినది. డాక్టరుగారు హిమోగ్లోబిను ఒక మేరకు రాగానే మందు తగ్గించుట పొదుపుకొరకు కాదు.

పొగాకు సంగతి చెప్పనవసరము లేదనుకొందురేమో. ఉత్తర కోస్తా తీరమున స్త్రీలు కూడ చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు ఆచారము కలదు. చుట్టయైనను, బీడీయైనను పొగ రక్తనాళములను ముడుచుకొనజేయును. ఫిస్టులా చేయించుకొన్నవారు దానిని మానవలసినదే.

ఆ చేతిని నొక్కునది ఏదియు కూడదు. పోటు చూచు పట్టీ, గడియారము, బిగువైన రవికె చేయి, సంచి తాడు, బిందె, మోపు ఇవన్నియు హానికరములే. చేయి తలక్రింద పెట్టుకొని నిద్రించుట మిక్కిలి ప్రమాదము. గాజుల విషయమున స్త్రీలకు పట్టింపు కలదు. చేయి బోసిగా నుండరాదని కొందరు మణికట్టు నిండ గాజులను ఫిస్టులా చేతికే తొడుగుకొనుచున్నారు. గాజులన్నియు రెండవ చేతికి వేసికొనవచ్చును, దానివలన ఏ లోపమును లేదు. ఇట్లు చెప్పవలసినవారు డాక్టరుకంటె ఇంటిలోని అత్తగారు, అమ్మగారు అయినచో త్వరగా చెవికెక్కును.

చేయి పెట్టి చూచుకొనుట

ప్రచార కార్యక్రమము నిమిత్తము ఒకసారి నేనొక డయాలిసిస్ కేంద్రమునకు పోయితిని. తలుపు వద్ద అరువదేండ్ల రైతు ఒకరు కూర్చుండియుండిరి. మెడకు క్రొత్తగా పెట్టిన గొట్టమునకు కట్టు. చేతి ఫిస్టులా ఏమైనదని అడిగితిని.

"ఎప్పుడాగిపోయిందో నాకెరుక లేదు బాబూ. సిస్టరమ్మ చెయ్యెట్టి చూసి, ఆగిపోయింది అంది. చెయ్యి నాదే గానీ, రోజూ చూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు" అనిరి.

ఆ కేంద్రపు గోడపై ఎన్ని యంత్రములు, ఎన్ని పడకలు అని వ్రాసిన పెద్ద బోర్డు కలదు. దానిని వ్రాయించినది మా శాఖవారే. చేయి ఎట్లు చూచుకొనవలెనో చెప్పు చిన్న కాగితము మాత్రము ఆనాడు ఏ గోడకును లేదు. ఈ వ్యాసమునకు కారణము ఆ రైతు మాటయే.

చూచుకొనుటకు పరికరమేదియు అక్కరలేదు. రెండవ చేతి వ్రేళ్లను ఫిస్టులామీద మెల్లగా ఆనించినచో తుమ్మెద రొదవంటి సన్నని కంపము తెలియును. డయాలిసిస్ కేంద్రములలో దీనిని థ్రిల్ అందురు. చెవి ఆనించినచో ఎడతెగని హోరు వినిపించును. ఉదయము లేవగానే ఒకసారి, నిద్రించుటకు ముందొకసారి చూచుకొనవలెను. కంపము పోయి, గుండె కొట్టుకొన్నట్లు ఎగిరెగిరి పడుచున్నచో ఎదుట దారి ఇరుకైనదని అనుమానింపవలెను. చేతిని తలపైకి ఎత్తి చూడవలెను. మామూలుగా నరము కొంత చప్పబడును. ఉబ్బియే యున్నచో అదియు అనుమానమునకు తావే. సూది తీసిన తరువాత రక్తము పదునైదు నిమిషములకును ఆగకుండుట, ఆ చేయి వాచుట, భుజముమీదను రొమ్ముమీదను నరములు తేలుట, యంత్రము మాటిమాటికి కూతపెట్టుట ఇవన్నియు ముందుగా వచ్చు సూచనలు. వ్రేళ్లు చల్లబడి, నీలమై, నొప్పిపుట్టుచున్నచో రక్తమంతయు ఫిస్టులాలోనికి పోయి చేతికి చాలకున్నదని అర్థము. అదియు వెంటనే చూపింపవలసినదే.

ఇరుకును ముందుగా కనుగొన్నచో నాళములోనికి సన్నని బెలూను పంపి దారిని వెడల్పు చేయుదురు. గడ్డకట్టిన తరువాత కూడ ఒకటి రెండు దినములలోపల గడ్డను తీసి ఫిస్టులాను కాపాడుటకు తరచుగా వీలుండును. ఆలస్యమైనకొలది గడ్డ గోడకు అతుకుకొని ఆశ సన్నగిల్లును. ఆ కేంద్రముననే జీడిపప్పు కార్ఖానాలో పనిచేయు ఒక స్త్రీని చూచితిని. ప్రొయ్యి రాజేయకమునుపు చేయి పెట్టి చూచుకొనుట ఆమె అలవాటు. ఒకనాడు రొద తెలియలేదు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి పట్టణమునకు పోయి చూపించుకొన్నది. నాటినుండి ఏడాది గడచినను అదే ఫిస్టులాతో డయాలిసిస్ జరుగుచున్నది. ఆగిన చేతిని మర్దన చేయుట, కాపు పెట్టుట, నాటుకట్టు కట్టుట కూడదు. డయాలిసిస్ రోజు వచ్చువరకు ఆగుటయు కూడదు.

ఫిస్టులామీది చర్మము పలుచనై మెరయుచున్నను, పొక్కు కట్టి మానకున్నను, దానినుండి ఒక్క బొట్టు రక్తము తనంత తాను కారినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పెద్ద ధార విడివడుటకు ముందు ఇట్టి బొట్టు కనిపించుట కలదు. ధార విడివడినప్పుడు తువ్వాళ్లు చుట్టుచు కూర్చుండరాదు. గుడ్డ రక్తము పీల్చునే గాని ఆపదు. కారుచున్న రంధ్రముమీదనే వ్రేలితో గట్టిగా అదిమి, చేతిని గుండెకంటె ఎత్తున నుంచి, పట్టు సడలింపక, ఇంకొకరిచేత 108 వాహనమునకు ఫోను చేయింపవలెను. వాహనము వచ్చినను, ఆసుపత్రి చేరి డాక్టరు చేయి పెట్టువరకు ఆ వ్రేలిని తీయరాదు.